ముస్తఫా నుంచి క్యాండీ దాకా

హైదరాబాద్‌లో తొంభైల్లో పెరిగిన వాళ్లను పట్టుకుని "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఆడారా?" అని అడగండి. తెల్లమొహం వేస్తారు. అదే "ముస్తఫా ఆడిన్రా?" అనండి. ఏ గల్లీలో ఏ షాపులో ఆడారో, ఎన్నో స్టేజీలో చచ్చారో, అప్పుడు పక్కన ఎవరున్నారో అన్నీ చెప్పేస్తారు. క్యాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ 1993లో తెచ్చిన ఆట అది. ముగ్గురు మగవాళ్లు, ఒక అమ్మాయి. వాళ్లలో ఒకరిని ఎంచుకుని ఆడాలి. కథ ప్రకారం హీరో జాక్ అట. ఆ సంగతి నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. మా చిక్కడపల్లిలో జాక్‌ని ముట్టుకున్నవాడు లేడు. పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా అందరికంటే చురుగ్గా కదిలేవాడు, పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచి తన్నేవాడు. పైగా పక్క గల్లీలో వినిపించే పేరు. ఆట మొత్తానికి అదే పేరు ఖాయమైపోయింది.

మేం ఆడిన షాపు ఒక చిన్న మడిగె. షట్టర్ ఎప్పుడూ సగానికి దించే ఉండేది. ఎండ లోపలికి రాకుండా అని భాయ్ చెప్పేవాడు కానీ, దారిన పోయే తండ్రులకు లోపల ఎవరున్నారో కనపడకుండా అని అందరికీ తెలుసు. లోపల నాలుగైదు చెక్క పెట్టెలు. ఒక్కోదాంట్లో ఒక టీవీ, దాని కింద స్టిక్కులు, బటన్లు. అగర్‌బత్తి వాసన, చెమట వాసన, వేడెక్కిన వైర్ల వాసన కలిసిపోయి ఉండేవి. రూపాయిస్తే భాయ్ ఒక ఇత్తడి కాయిన్ చేతిలో పెట్టేవాడు. కాయిన్ పడగానే వచ్చే ఆ చప్పుడు ఇప్పుడు ఎక్కడైనా వినిపిస్తే చాలు, నా బొటనవేలు దానంతట అదే కదులుతుంది.

చచ్చిపోతే స్క్రీన్ మీద 'కంటిన్యూ?' అని పడి, తొమ్మిది నుంచి అంకెలు ఒక్కొక్కటే దిగేవి. సున్నా వచ్చేలోపు ఇంకో కాయిన్ వేస్తే చచ్చినచోటే లేచి ఆడొచ్చు. వేయకపోతే మొదటికి. ఎన్నో రకాల గేమ్స్ చూశాను గానీ, మనిషి బలహీనత మీద ఇంత సూటిగా దెబ్బ కొట్టిన ఆలోచన ఇంకోటి కనపడలేదు. అంకెలు దిగుతుంటే జేబులన్నీ తడుముకుంటున్న పిల్లవాడు, వాడి వెనక నిలబడి "అరే జల్దీ వెయ్‌రా" అని అరిచే పదిమంది. వాళ్లలో ఒక్కడు కూడా ఆడట్లేదు, కానీ టెన్షన్ మాత్రం అందరిదీ. మా బస్తీలో కొత్తిమీర, పచ్చిమిర్చి ధరలు మార్కెట్ కంటే ఎప్పుడూ పావలా ఎక్కువే ఉండేవి. తెచ్చేది మేమే మరి.

సైకిల్ షాపులో పనిచేసే ఒక అన్న వచ్చేవాడు. చేతులకు గ్రీజు మరకలు. ఒక్క కాయిన్ వేసి ఎనిమిది స్టేజీలూ ఆడేసేవాడు. మాకు దేవుడితో సమానం. భాయ్‌కి మాత్రం అతన్ని చూస్తే ఒళ్లు మండేది. రూపాయికి అంతసేపు పెట్టె ముందు నిలబడితే మడిగె కిరాయి ఎట్లా కట్టాలి? ఆ పెట్టెలు మనం తొందరగా చచ్చిపోవడానికే తయారైనవని, బాగా ఆడేవాడే షాపుకు నష్టమని నాకు అప్పుడే అర్థమైంది. ఆ వ్యాపారం తర్వాత తలకిందులైంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంట్లో చెప్పే సాకు సిటీ సెంట్రల్ లైబ్రరీ. దాని పక్కనుంచే పోతాం కాబట్టి పూర్తి అబద్ధం కూడా కాదు. ఒకరోజు నాన్న షట్టర్ కింది నుంచి వంగి తొంగిచూశారు. ఆ రోజుల్లో చెప్పులను బట్టి పిల్లల్ని గుర్తుపట్టేవాళ్లు.

ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు జగిత్యాల పోతే అక్కడ కాయిన్ బాధ లేదు. మామయ్య దుబాయ్‌లో పనిచేసేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న రోజులు. ఒకసారి సెలవు మీద వస్తూ టాంగ్ డబ్బాలు, టైగర్ బామ్ సీసాలు, చాదర్లతో పాటు టీవీ గేమ్ తెచ్చాడు. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్ అనే గేమ్ డబ్బాకి అది నకలు. అసలుది ఎట్లా ఉంటుందో మన దగ్గర చూసినవాళ్లు ఎంతమందో తెలియదు గానీ, నకళ్లు మాత్రం ఊరూరా తిరిగాయి. క్యాసెట్టు మీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. నిజంగా ఉన్నవి ఇరవై ముప్పై ఆటలు, మిగతా అంకెంతా వాటినే తిప్పి తిప్పి వేసినది. అయినా కిందికి నొక్కుకుంటూ పోయేవాళ్లం, ఎక్కడో ఒకచోట మనకు తెలియని ఆట దొరక్కపోతుందా అని.

ఆ డబ్బా పెట్టడమే ఒక పూజ. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు గుచ్చాలి. చుక్కల మధ్య బొమ్మ తేలేదాకా ట్యూన్ చేయాలి. బొమ్మ రాకపోతే క్యాసెట్టు బయటికి తీసి, కింద 'ఉఫ్' అని ఊది మళ్లీ పెట్టాలి. ప్రపంచంలో ఏ దేశం పిల్లలూ ఇంకో దేశం పిల్లలకు చెప్పకుండానే అందరూ అదే పని చేశారు. ఊదడం వల్ల లాభం లేదనీ, నోటి తేమ తగిలి లోపలి పిన్నులకు తుప్పు పడుతుందనీ, తీసి పెట్టడంలోనే బొమ్మ వచ్చేదనీ తర్వాత తేల్చారు. తేలిస్తే తేల్చారు. మేం ఊదితేనే వచ్చేది.

ఆ ఇంట్లోనే నాకు ఒక విషయం కనపడింది. ఆటల పిచ్చి అందరికీ ఒకటే కాదు. పెద్దబావకు ట్యాంకుల ఆట ప్రాణం. నామ్కో వాళ్ల బ్యాటిల్ సిటీ అది, 1985 నాటిది. గద్ద బొమ్మ చుట్టూ ఇటుక గోడ, దాన్ని కాపాడుతూ స్టేజీకి ఇరవై ట్యాంకులను పేల్చాలి. బావకు పేల్చడం మీద ఆసక్తి లేదు. అందులో మనమే గోడలు కట్టుకునే 'కన్‌స్ట్రక్షన్' ఉండేది. గంటల తరబడి ఇనుప గోడలు, కాలువలు, చెట్లు పేర్చి, చివరికి ఆట మొదలుపెట్టగానే జాయ్‌స్టిక్ నా చేతికిచ్చి లేచిపోయేవాడు. ఇప్పుడు కరీంనగర్‌లో ఇళ్లు కట్టిస్తున్నాడు. మరదలికి తుపాకీ పెట్టి కొట్టే బాతుల ఆట. తుపాకీలోంచి ఏదో పోయి టీవీకి తగులుతుందనుకునేవాళ్లం. నిజానికి తుపాకీయే టీవీని చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి డబ్బా వెలుగుతుంది. తుపాకీ కొనలోని సెన్సర్‌కి ఆ వెలుగు పడితే బాతు చచ్చినట్టు. పాత డబ్బా టీవీల వేగానికి లెక్కగట్టి చేసింది కాబట్టి ఇప్పటి పల్చటి టీవీల మీద ఆ తుపాకీ పనిచేయదు. మరదలు తెర నుంచి మూరెడు దూరంలో తుపాకీ పెట్టి కాల్చేది, తప్పేదే కాదు. బాతు తప్పించుకుంటే నవ్వే కుక్క ఒకటి ఆ ఆటలో ఉండేది, అది నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

నాది చివర చూడాలనే పిచ్చి. రాకుమారిని విడిపించే మారియో ఆటలో ఎనిమిది లోకాలు, ఒక్కోదాంట్లో నాలుగు స్టేజీలు, మొత్తం 32. ప్రతి కోట చివరా రాకుమారి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందని చెప్పేవాళ్లు. ఏడుసార్లు మోసపోయి ఎనిమిదోసారికి పోయేంత మొండితనం ఉండాలి. మూడో లోకం మొదటి స్టేజీ చివర మెట్ల మీద తాబేలు చిప్పను తొక్కుతూ నిలబడితే లైఫులు పెరుగుతూనే ఉంటాయని తెలిసిన రోజు బావా నేనూ దాన్ని అదే పనిగా తొక్కాం. తర్వాత ఒక్కసారి గుంటలో పడ్డాం. గేమ్ ఓవర్! 128 దాటితే ఆ డబ్బాకు లెక్క తప్పి, మన దగ్గర ఏమీ లేవనుకుంటుందట. అత్యాశకు అంత తొందరగా శిక్ష పడిన ఆట మరొకటి లేదు. కాంట్రా అనే తుపాకుల ఆటలో అయితే ఆ తిప్పలు లేవు. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. ఇట్లా బటన్లు నొక్కితే ముప్పై లైఫులు. కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ వేరే ఆటను పరీక్షిస్తూ, దాన్ని తానే దాటలేక తన కోసం ఈ కోడ్ పెట్టుకున్నాడట. చేసినవాడికే రాని ఆట! ఆయన 2020లో పోయినప్పుడు ఆ వార్తను మా బావకు పంపాను. "పాపం, మనల్ని ముప్పైసార్లు బతికించినోడు" అని జవాబొచ్చింది.

ఆ డబ్బాలో సేవ్ చేయడం లేదు. ఆపితే మొదటికి. అన్నం తినమని కేకేస్తే టీవీ మాత్రం ఆపి, డబ్బాను అట్లాగే వదిలేసి, అడాప్టర్ కాలిపోతుందేమోనని మధ్యమధ్య చెయ్యి పెట్టి చూసేవాళ్లం. అంత జాగ్రత్త పడినా మధ్యాహ్నం కరెంటు పోయేది. వేసవిలో కోత తప్పేది కాదు. ఏడో లోకం, రెండో స్టేజీ, ఫ్యాను ఆగిపోయింది, ఇంకేముంది. బయటికి పోయి మామిడికాయలు కొట్టుకునేవాళ్లం. అప్పుడు కరెంటోళ్లను తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు.

చేతిలో పట్టుకుని ఆడే ఇటుకల డబ్బా, నోకియాలో పాము, ఇవీ ఆడాను. పాము మంచి ఆటే. బస్టాపులో పనికొచ్చేది. తన తోకే తనకు శత్రువు కావడం మినహా దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇంజినీరింగ్‌లో నెట్ సెంటర్ల కాలం. పేరుకు నెట్, లోపల జరిగేది కౌంటర్ స్ట్రైక్. హాఫ్ లైఫ్ అనే ఆట మీద ఇద్దరు కుర్రాళ్లు 1999లో సరదాకు చేసుకున్న మార్పు అది, లోకమంతా ఆడింది. గంటకు ఇంతని కట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, డస్ట్ టూ అనే ఎడారి ఊళ్లో ఒకరినొకరు కాల్చుకునేవాళ్లం. చచ్చినవాడు పక్క క్యాబిన్‌లోంచి లేచి "ఎవడ్రా వాడు?" అని అడిగితే, చంపినవాడు నవ్వుతూ చెయ్యెత్తేవాడు. అది నాకు నచ్చేది. ముస్తఫా షాపులో అందరం పెట్టెకు ఎదురు. ఇక్కడ మనిషికి మనిషి. గోడ మీద వైస్ సిటీ అనే ఇంకో ఆట చీట్ కోడ్లు ప్రింటు తీసి అతికించి ఉండేవి. ప్యాంజర్ అని కొడితే ఆకాశం నుంచి ట్యాంకు పడేది. ఆస్పిరిన్ కొడితే ఒంట్లో శక్తి. పోలీసులు వెంటపడితే లీవ్ మీ అలోన్. స్పెల్లింగులు రాని మా వాళ్లందరికీ ఈ మూడూ తప్పులేకుండా వచ్చేవి. మిషన్లు ఎవరు ఆడారు? బైకెక్కి పాటలు వింటూ సముద్రం పక్కన తిరగడమే ఆట. సముద్రం చూడని వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

మా రూమ్మేట్ ఒకడు రాజ్యాలు కట్టే ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మనిషి. కట్టెలు కొట్టించడం, పొలాలు వేయించడం, గొర్రెల్ని వెతకడం. సెమిస్టర్ పరీక్ష ముందురోజు రాత్రి వాడు మధ్యయుగం దాటి కోటలు కట్టే దశలో ఉన్నాడు. పాస్ కూడా అయ్యాడు. మేం కాలేదు. అలవాటు ఎవణ్ణి ముంచుతుందో, ఎవణ్ణి వదిలేస్తుందో ఆ రోజు నుంచీ నేను ఊహించడం మానేశాను.

గంట అయిపోగానే మన స్క్రీన్ దానంతట అదే లాక్ అయ్యేది. జేబులో డబ్బుంటే పొడిగించుకోవాలి, లేదా హాస్టల్‌కి పోవాలి. ఇక్కడ చెప్తానన్న సంగతి చెప్పాలి. భాయ్ షాపులో రూపాయి, జగిత్యాలలో కరెంటు, నెట్ సెంటర్లో గంట. మమ్మల్ని ఆట దగ్గర నుంచి లేపింది మా బుద్ధి ఎప్పుడూ కాదు. ఏదో ఒకటి బయటి నుంచి వచ్చి లేపేది. ఫోన్ వచ్చాక అవన్నీ పోయాయి. ఆట ఊరికే ఇచ్చారు. అదివరకు మనం తొందరగా చచ్చిపోతే వాళ్లకు లాభం, ఇప్పుడు మనం ఎంతకీ లేవకపోతే లాభం.

దీనికి మా ఇంట్లో మొదట దొరికింది ఎవరనుకున్నారు? అమ్మ. "ఆ డబ్బాల ఏముంటదిరా, కండ్లు పోతయ్" అని చిన్నప్పటి నుంచీ తిట్టిన అమ్మ. టాబ్ కొనిచ్చి, డల్లాస్‌లో ఉన్న పిన్నితో మాట్లాడుకోమని ఫేస్‌బుక్ పెట్టిస్తే, పిన్నే క్యాండీ క్రష్ నేర్పింది. 2012లో వచ్చిన ఆట. అయిదు లైఫులు ఇస్తారు. అయిపోతే అరగంటకొకటి వస్తుంది. అంతసేపు ఆగలేకపోతే డబ్బు కట్టాలి, లేదా తెలిసినవాళ్లను అడగాలి. కంటిన్యూ అంకెలు పెట్టినవాడి మనవడెవడో తయారుచేసి ఉండాలి దీన్ని. అమ్మ డబ్బు కట్టే మనిషి కాదు. అందుకని చుట్టాలందరి మీదా పడింది. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోను:

"ఏం చేస్తున్నవ్‌రా?"

"పనిలో ఉన్నమ్మా. ఏమైంది?"

"ఏం కాలే. ఒక లైఫ్ పంపు."

డల్లాస్‌లో తెల్లవారుజామున పిన్ని లేచి ముందు అక్కకు లైఫ్ పంపి తర్వాత కాఫీ పెట్టుకునేది. పెళ్లిళ్లలో ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు వియ్యపురాళ్లు ఒకరికొకరు లైఫులు పంపుకోవడం నేను కళ్లారా చూశాను. పప్పు మాడింది కూడా చూశాను. నాన్న ఏమీ అనలేదు. సగం దించిన షట్టర్ కింద వంగి చూసిన మనిషి, వంటింటి గుమ్మంలో నిలబడి వాసన చూసి, తనే వెళ్లి స్టవ్ ఆపేసేవారు.

ఇక డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని నేను ఆటల లెక్కలో వేయను. ఆఫీసులో ఒకతను దానివల్ల అప్పుల్లో పడి, ఇల్లమ్ముకుని ఊరెళ్లిపోయాడు. తెలంగాణలో 2017లోనే దాన్ని ఆపారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అది పేకాట. తెర మీద ఆడినంత మాత్రాన వీడియో గేమ్ అయిపోదు.

పబ్జీ వేరే సంగతి. లాక్‌డౌన్‌లో అక్క కొడుకు మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున ఆన్‌లైన్ క్లాసు, ఆ ఫోన్లోనే పబ్జీ. విమానంలోంచి వంద మంది దూకుతారు, చుట్టూ గీత దగ్గరపడుతూ ఉంటుంది, చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు 'చికెన్ డిన్నర్' అని తెర మీద పడుతుంది. అరగంటలో ఒక ఆట అయిపోతుంది. అయిపోతుందని అనుకోవడమే మన అమాయకత్వం. అయిన మరుక్షణం "మామా, ఒక్కటే లాస్ట్ మ్యాచ్" అనేవాడు. వాడు నలుగురి జట్టులో ఒకడు. లేస్తే మిగతా ముగ్గురూ చచ్చిపోతారు, తర్వాత తిడతారు. అన్నానికి పిలిస్తే రాకపోవడానికి నా దగ్గర ఎప్పుడూ ఇంత గట్టి కారణం ఉండేది కాదు. అక్కకు టెన్షన్. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగాల జాబితాలో చేర్చిందని ఎక్కడో చదివి, వాడికి ఆ రోగమేనని తేల్చేసింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసమే ఒక క్లినిక్ ఉంది, 2014లో మొదలైంది, తీసుకుపోదామా అంది. నేను ఆ జాబితా చదివాను. ఎంతసేపు ఆడుతున్నారన్నది కాదు వాళ్లు చూసేది. ఆపుకోగలుగుతున్నాడా, మిగతా ఇష్టాలన్నీ దాని వెనక్కి పోయాయా, నష్టం జరుగుతున్నా ఆడుతున్నాడా, ఇదంతా మామూలుగా ఏడాది పాటైనా సాగుతోందా. మావాడు క్రికెట్ మానలేదు, తిండి మానలేదు, చెల్లెలితో కొట్లాట అసలే మానలేదు. ఇంట్లో నలుగురు పెద్దల మధ్య బందీ అయిన పిల్లవాడికి తన ఈడు గొంతులు వినపడేది ఆ హెడ్‌ఫోన్లోనే. వాడు తుపాకుల కంటే కబుర్లే ఎక్కువ పేల్చేవాడు. అయినా అక్కతో ఆ మాట అంటే నేనే వాణ్ణి చెడగొడుతున్నానంటుందని ఊరుకున్నాను.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీని నిషేధించింది. అక్క కొబ్బరికాయ కొట్టింది. వాడు ఒకపూట అన్నం తినలేదు. తర్వాత అట్లాంటిదే ఇంకో ఆట, ఫ్రీ ఫైర్ అన్నాడు. 2021 జులైలో పబ్జీయే పేరు మార్చుకుని బీజీఎంఐ అని తిరిగి వచ్చింది. ఈలోగా వాడికి మీసాలొచ్చాయి, ఇంటర్‌లో చేరాడు, ఫోను సంగతి వదిలి బైకు అడగడం మొదలుపెట్టాడు. అక్క టెన్షన్ కూడా బైకు మీదికి మారింది.

మొన్న దసరాకు అందరం కలిశాం. వాడు సోఫాలో అడ్డంగా పడుకుని ఏదో ఆడుతున్నాడు. అమ్మ చదివే కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, వాడివైపు చూసింది.

"పొద్దటి సంది ఆడుతున్నవ్. నీ ఆటకు ఒక అంతుంటదా ఉండదా?"

"నీ ఆటకు లాస్ట్ లెవెల్ ఎంత అమ్మమ్మా?"

అమ్మ టాబ్ దించి కొంచెం ఆలోచించింది. అడిగినవాడు వెటకారంగా అడిగాడు గానీ, ఆమె దాన్ని లెక్కల ప్రశ్నలాగే తీసుకుంది.

"లాస్ట్ లేదురా. మనం చివరికొస్తున్నమని వాళ్లకు తెలుస్తది. ఇంకిన్ని కలుపుతరు," అంది. తర్వాత చెయ్యి చాచింది. "ఆ లెవెల్ మూడు రోజులాయె దాటుతలేదు. జర చూసి పెట్టు."